‘ఇంటికి తీసుకెళ్ళిపోండి’ అనక ముందే

ఆఫీసులో నాకో కొత్త డిపార్ట్‌మెంట్ తగులుకుంది. ఎవరింట్లోనన్నా పెద్దవాళ్ళకి కేన్సరో, ఇంకేదన్నా తగ్గని జబ్బో ముదిరితే ‘ఫలానా వాణ్ణి అడుగు, వాళ్ళ నాన్నగారికి ఆఖర్లో అంతా ఇంట్లోనే చూసుకున్నారట’ అని నా దగ్గరికి పంపిస్తున్నారు. నేను డాక్టర్ని కాదు, జావా రాసుకు బతికేవాణ్ణి. అయినా 2023 నుంచి ఈ ఫోన్లు ఆగడం లేదు. ఒక్కొక్కరికీ గంటేసి చెప్పే బదులు ఒకచోట రాసిపెడితే పోతుందని ఇది.

ఫోన్ చేసేవాళ్ళలో ఒక పోలిక కనిపెట్టా. దాదాపు అందరూ ఒకే రోజు చేస్తారు. డాక్టరు గారు ‘ఇంక మా చేతుల్లో ఏమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళిపోండి’ అన్న రోజు సాయంత్రం. మన వైపు ఈ వాక్యం వినని కుటుంబం ఉండదు. దాని అర్థం కూడా అందరికీ తెలుసు. కానీ ఆ వాక్యంతో పాటు రావాల్సినవేవీ రావు. నొప్పికి ఏం వెయ్యాలి, ఆయాసం వస్తే ఏం చెయ్యాలి, రాత్రి రెండింటికి ఎవరికి ఫోన్ చెయ్యాలి... ఇవేవీ ఉండవు. డిశ్చార్జి సమ్మరీ మాత్రం ఆరు పేజీలు ఉంటుంది. ఇంటికి తెస్తారు, రెండో రాత్రికి నొప్పి ఆగదు, భయమేస్తుంది, మళ్ళీ అంబులెన్సు, మళ్ళీ అదే ఐసీయూ. చివరికి మనిషి గొట్టాల మధ్య, ఇంటిల్లిపాదీ బయట ప్లాస్టిక్ కుర్చీల్లో.

మనం ఒక పాత సర్వర్ని ఆపాలంటే ఏడాది ముందు నుంచి మీటింగులు పెడతాం. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో సపోర్ట్ ఆగిపోతుందని మైక్రోసాఫ్ట్ వాళ్ళు ఏళ్ళ ముందే చెప్పారు, అయినా చాలా బ్యాంకులు ఆఖరి నెలలో పరుగులు పెట్టాయి. కన్నవాళ్ళ విషయంలో ఆ చెప్పేవాళ్ళు కూడా ఉండరు. మనమే అడగాలి, అదీ ముందే అడగాలి. ఎంత ముందు అన్నదే అసలు సంగతి.

మా నాన్నకి హనుమాన్ జంక్షన్‌లో ఎరువుల కొట్టు. తెలియని వాళ్ళ కోసం... విజయవాడ నుంచి ఏలూరు వెళ్తుంటే హైవే మీద, నూజివీడు రోడ్డూ గుడివాడ రోడ్డూ కలిసే చోట ఆంజనేయస్వామి గుడి ఉంటుంది. ఆ గుడి వల్లే ఊరికి ఆ పేరు. కానుమోలు, పెరికీడు, వీరవల్లి వైపు రైతులంతా మా ఖాతాదార్లే. 2022 జులైలో నాన్నకి పాంక్రియాస్ కేన్సర్ అని తేలింది. అప్పటికి 71 ఏళ్ళు. విజయవాడలో కీమో మొదలెట్టాం. మొదటి రెండు నెలలు కాస్త నయమనిపించింది. దీపావళి తర్వాత స్కాన్‌లో లివర్‌కి పాకిందన్నారు.

అప్పుడు డాక్టరు గారు ఇంకో రకం కీమో గురించి చెప్పారు. నేనొక్క ప్రశ్న అడిగా. “ఇది బాగా పనిచేస్తే ఏమవుతుందండీ?” ఆయన మంచివాడు, దాచలేదు. “కొన్ని వారాలు కలిసి రావచ్చు. ఆ వారాల్లో సగం ఇక్కడే గడపాలి” అన్నారు. ‘పనిచేస్తుందా’ అని అడిగితే ఎవరైనా ‘ప్రయత్నిద్దాం’ అనే అంటారు. ‘పనిచేస్తే ఏమవుతుంది’ అని అడిగితేనే అసలు లెక్క బయటపడుతుంది. ఫోన్ చేసే మిత్రులందరికీ మొదట చెప్పేది ఈ ప్రశ్నే.

అప్పటికి ఇంట్లో కనిపిస్తున్నవి ఇవి. నాన్న పగటిపూట సగానికి పైగా మంచం మీదే ఉంటున్నారు. బరువు తగ్గడం ఆగట్లేదు. రెండు నెలల్లో రెండుసార్లు ఆసుపత్రిలో చేరారు, రెండుసార్లూ వెళ్ళినప్పటికంటే నీరసంగా తిరిగొచ్చారు. కారులో విజయవాడ వెళ్ళొస్తే రెండు రోజులు లేవలేకపోతున్నారు. ఇలాంటప్పుడు డాక్టర్లు తమకి తాము వేసుకునే ప్రశ్న ఒకటుంది: ‘ఈ మనిషి వచ్చే ఏడాదికి లేకపోతే నేను ఆశ్చర్యపోతానా?’ ఆశ్చర్యపోను అనిపిస్తే పాలియేటివ్ కేర్ మాట ఎత్తాల్సిన సమయం వచ్చినట్టే. ఈ ప్రశ్న మనమూ వాళ్ళని నేరుగా అడగొచ్చు. తిట్టరు.

ఇక్కడ ఒక అపోహ. పాలియేటివ్ కేర్ అంటే చికిత్స మానేయడం, ఆశ వదులుకోవడం అనుకుంటారు. కాదు. నొప్పి, ఆయాసం, వాంతులు, నిద్ర, మనిషి దిగులు, ఇంట్లోవాళ్ళ దిగులు... వీటిని చూసే వైద్యం అది. కీమో నడుస్తుండగానే పక్కన నడవొచ్చు. 2010లో అమెరికాలో ఊపిరితిత్తుల కేన్సర్ ముదిరిన 151 మంది మీద ఒక పరిశోధన చేసారు. మొదటి నుంచీ పాలియేటివ్ కేర్ కూడా అందుకున్నవాళ్ళు ఆఖర్లో దూకుడు వైద్యం తక్కువ చేయించుకున్నారు, అయినా దాదాపు మూడు నెలలు ఎక్కువే బతికారు (సగటున 11.6 నెలలు, మిగతావాళ్ళు 8.9). హాస్పిస్ అనేది దీన్లో చివరి మెట్టు, జబ్బు మీద యుద్ధం ఆపి మనిషిని చూసుకునే దశ. అమెరికా మెడికేర్‌లో దానికి ‘ఆరు నెలల లోపు’ అని డాక్టర్లు రాసివ్వాలి. అలా రాసినంత మాత్రాన ఆర్నెల్లకే పోవాలని లేదు. జిమ్మీ కార్టర్ 2023 ఫిబ్రవరిలో ఆసుపత్రులు చాలించుకుని ఇంట్లో హాస్పిస్‌కి మారారు, 2024 డిసెంబరు 29న వందేళ్ళు దాటాక పోయారు. మన దగ్గర ఆ ఆరు నెలల రూలేమీ అడ్డం లేదు. అడ్డమంతా అడగకపోవడమే.

సరే, హాస్పిస్ ఎక్కడుందని వెతికా. ఈ కాలపు హాస్పిస్ పద్ధతికి ఆద్యురాలు సిసిలీ సాండర్స్ అనే ఆవిడ, లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ 1967లో మొదలైంది. మన దేశంలో మొదటిది ముంబైలో శాంతి అవేద్నా, 1986. కేరళలో డాక్టర్ రాజగోపాల్ గారూ, ఆయన మిత్రులూ 1993లో కాలికట్‌లో చిన్న క్లినిక్‌గా మొదలెట్టింది ఇవాళ ఊరూరికీ వలంటీర్లున్న వ్యవస్థ అయింది. 2008కల్లా అక్కడి ప్రభుత్వం దానికో పాలసీ కూడా చేసింది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది. రోటరీ క్లబ్ ఆఫ్ బంజారాహిల్స్ వాళ్ళు 2011లో మొదలెట్టిన స్పర్శ్ హాస్పిస్ ఉంది, డబ్బు తీసుకోరు, ఇంటికొచ్చి చూసే సేవ కూడా ఉంది. తెలంగాణలో చేవెళ్ళలో మొదలైన పని జిల్లా ఆసుపత్రుల దాకా పాకింది. కృష్ణా జిల్లా వాడిగా కొంచెం కుళ్ళుకున్న మాట నిజం.

నాన్నని హైదరాబాదు తీసుకెళ్దామనుకున్నా. నా ఇల్లూ అక్కడే. ఆయన ఒక్కటే అన్నారు. “ఒరే పెద్దోడా, మూడొందల కిలోమీటర్లు పోయి ఎవరి మొహం చూడమంటావురా? కొట్టు ఇక్కడుంది.” దాంతో హాస్పిస్ అంటే భవనం కాదు, మనం ఇంట్లో సమకూర్చుకోవాల్సిన కొన్ని ఏర్పాట్లు అని అర్థం చేసుకోవాల్సి వచ్చింది. మంచం, గాలి పరుపు సూర్యారావుపేటలో సర్జికల్ షాపులో అద్దెకి దొరికాయి. పగలొకరు, రాత్రొకరు నర్సమ్మలు కుదిరారు. జంక్షన్‌లో మాకు తెలిసిన ఎంబీబీఎస్ డాక్టరు గారు పిలిస్తే ఇంటికొస్తానన్నారు. ఇవన్నీ వారంలో అయిపోయాయి. కానిది ఒక్కటే. మార్ఫిన్.

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. మన దేశంలో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో లైసెన్సు మీద నల్లమందు పండిస్తారు. ప్రపంచానికి ఎగుమతి చేస్తాం. కానీ 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం ఎంత కఠినంగా ఉండేదంటే, భయపడి ఆసుపత్రులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. ఒక తరం డాక్టర్లు అది రాయడం నేర్చుకోకుండానే పెద్దవాళ్ళయిపోయారు. రాజగోపాల్ గారి లాంటి వాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే 2014లో చట్టం సవరించారు. ఇప్పుడు గుర్తింపు పొందిన వైద్య సంస్థ ఏదైనా మార్ఫిన్ తెచ్చిపెట్టుకుని రోగులకి ఇవ్వొచ్చు. అయినా మూల మీద మందుల షాపులో అడిగితే దొరకదు. అది ఉన్న ఆసుపత్రి ఏదో కనుక్కోవాలి. రాజగోపాల్ గారు 2003లో స్థాపించిన పాలియం ఇండియా వాళ్ళ సైట్‌లో రాష్ట్రాల వారీగా కేంద్రాల జాబితా ఉంది. వెతుకులాట అక్కడినుంచి మొదలెట్టండి. మాకు నాలుగు చోట్ల తిరిగాక విజయవాడలోనే ఒకచోట దొరికింది. ఒకచోటైతే కౌంటర్లో అబ్బాయి నన్ను అనుమానంగా పైనుంచి కిందకి చూసాడు.

పది మిల్లీగ్రాముల చిన్న మాత్ర. ఖరీదు కొద్ది రూపాయలు. అప్పటిదాకా నాన్నకి వేసిన ఇంజక్షన్లలో ఒక్కదాని బిల్లుతో ఏడాదికి సరిపడా కొనొచ్చు. నొప్పి వచ్చాక కాదు, నాలుగు గంటలకోసారి గడియారం చూసి ఇవ్వాలన్నారు. మలబద్ధకం ఖాయం కాబట్టి దానికి మందు మొదటి రోజు నుంచే ఇవ్వాలన్నారు. అమ్మ కొట్టులోంచి ఒక ఖాతా పుస్తకం తెచ్చి గీతలు కొట్టింది. టైము, మాత్ర, నొప్పి ఎంత, విరేచనం అయిందా. నేను చేసిన ఏ ఎక్సెల్ షీటూ దానికి సాటి రాదు. ‘అలవాటు పడిపోతారేమో’ అని మా అక్క భయపడింది. డాక్టరు గారు నవ్వి, “నొప్పి ఉన్నవాళ్ళకి సరైన మోతాదులో ఇస్తే ఆ భయం అక్కర్లేదమ్మా” అన్నారు.

మూడో రోజున నాన్న లేచి గడ్డం చేయించుకున్నారు. ఆ తర్వాత మూడు వారాల పాటు రోజూ పొద్దున్న రెండు గంటలు కొట్లో కూర్చున్నారు. ఎరువుల అప్పులన్నీ పేరు పేరునా పిలిపించి తేల్చారు. కొందరివి కొట్టేశారు, కొందరివి మాత్రం పైసాతో సహా రాబట్టారు (‘వాడికి ఇచ్చే స్తోమతుంది, ఇవ్వడంతే’). ఆ సగం ఆసుపత్రి వారాల బదులు మాకు దక్కింది ఇది. నేను చెప్పొచ్చేదేంటంటే, హాస్పిస్‌కి వెళ్ళడం ఆలస్యమైతే పోయేది ఈ మూడు వారాలే. ఆఖరి రెండ్రోజుల్లో పిలిస్తే ఎంత మంచి హాస్పిస్ అయినా మత్తుగా ఉంచగలదు, అంతే.

ఇక తమ్ముడి సంగతి. వాడు డల్లాస్‌లో ఉంటాడు. అమెరికా డాక్టర్లు ‘కాలిఫోర్నియా కూతురు’ అని ఒక మాట వాడతారు. ఎక్కడో దూరాన ఉండి, హఠాత్తుగా దిగి, ‘మీరందరూ ఏం చేస్తున్నారు, ఇంకా గట్టి వైద్యం చెయ్యండి’ అని ఆసుపత్రిలో గొడవ పెట్టుకునే సంతానం అన్నమాట. ఆ కాలిఫోర్నియాలో మాత్రం దీన్ని న్యూయార్క్ కూతురు అంటారట! మన తెలుగువాళ్ళకైతే ఇది ఇంటింటి కథ. మావాడు రోజూ రాత్రి వీడియో కాల్‌లో, “అన్నయ్యా, ఇక్కడ ఫలానా క్లినికల్ ట్రయల్ ఉంది, రిపోర్టులు పంపు” అనేవాడు. వాణ్ణి తప్పు పట్టను. రోజూ ఒళ్ళు తుడిచేవాడికి కనిపించేది కెమెరాలో కనిపించదు. దూరంగా ఉన్నవాడికి డబ్బూ, గూగులూ తప్ప చెయ్యడానికి ఏమీ ఉండదు. నేను చేసిందల్లా, వాదించడం మానేసి డాక్టరు గారితో వాడికే నేరుగా మాట్లాడించా. అదే ప్రశ్న వాడితోనే అడిగించా. ఆ తర్వాత నాన్నతో మాట్లాడించా.

నాన్నకి జబ్బు పేరు మేమెవరం చెప్పలేదు. అమ్మ వద్దంది. కానీ ఆ కాల్‌లో ఆయనే, “చిన్నోడా, నాకు తెలుసురా. నాకు ఈ సూదులొద్దు. నువ్వు సంక్రాంతికి రా” అన్నారు. చెప్పకుండా దాచామని మనం అనుకుంటాం. ఆయనే మమ్మల్ని భయపెట్టకూడదని మా దగ్గర దాచారు. తమ్ముడు సంక్రాంతికి మూడు రోజుల ముందే వచ్చాడు.

ఇంట్లో పెట్టుకుంటే చుట్టుపక్కల వాళ్ళ సలహాలు ఎక్కువ. నాన్న తినడం తగ్గించాక ‘సెలైన్ అయినా పెట్టించరేంటి, కడుపు మాడుస్తారా’ అని మా పెద్దత్త గొడవ. వీధి చివర ఆర్.ఎం.పి. గారు బాటిల్ పట్టుకుని తయారు. మా డాక్టరు గారు అమ్మని కూర్చోబెట్టి చెప్పారు: తినకపోవడం వల్ల మనిషి పోవట్లేదమ్మా, పోయే దశలో ఉన్నారు కాబట్టే ఆకలి పోయింది. ఆఖరి రోజుల్లో శరీరం వాడుకోలేని నీళ్ళు ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లోకీ కాళ్ళలోకీ చేరతాయి, ఆయాసం పెరుగుతుంది. పెదవులు తడపండి, అడిగితే స్పూనుతో ఇవ్వండి. మిగతావాళ్ళు చెబితే వినని అత్త, తెల్లకోటు మాట విని ఊరుకుంది.

డబ్బు దగ్గర ఒక తమాషా ఉంది, ఐటీ వాళ్ళందరూ తెలుసుకోవాల్సింది. మా కంపెనీ ఇన్సూరెన్సులో తల్లిదండ్రులకి కూడా కవరేజీ ఉంది. ఐసీయూలో పెడితే క్యాష్‌లెస్. ఇంట్లో నర్సుకీ, మంచానికీ, ఇంటికొచ్చే డాక్టరుకీ ఒక్క రూపాయి రాదు. అంటే ఖరీదైనది మనకి ఉచితం, చవకైనది మన జేబులోంచి. ఎన్ని కుటుంబాలు ఈ ఒక్క కారణానికే ఐసీయూ వైపు ఒరిగిపోతాయో. మీ పాలసీలో ఏముందో ఇవాళే చదువుకోండి, అవసరం పడ్డ రోజు కాదు.

ఇంకో భయం, ‘ఇది మెర్సీ కిల్లింగ్ కదా’ అని. మన వాళ్ళకి ఈ మాట అనగానే 2004లో హైదరాబాదులో వెంకటేష్ కేసు గుర్తొస్తుంది. కండరాల జబ్బుతో ఉన్న పాతికేళ్ళ చెస్ ఆటగాడు, బతికుండగానే అవయవాలు దానం చెయ్యనివ్వమని తల్లి సుజాత గారు హైకోర్టుకెళ్తే కోర్టు ఒప్పుకోలేదు. (2022లో సలామ్ వెంకీ అని హిందీ సినిమా తీశారు.) అది వేరే ప్రశ్న. హాస్పిస్‌లో చావుని ముందుకి జరపరు, వెనక్కి గుంజరు. వెంటిలేటర్ వద్దనే హక్కు మాత్రం మనకుంది. సుప్రీంకోర్టు 2018 మార్చి 9న లివింగ్ విల్‌కి చట్టబద్ధత ఇచ్చింది. మొదట్లో మేజిస్ట్రేట్ సంతకం కావాలనేవారు, 2023 జనవరిలో దాన్ని సడలించి ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసరు చాలన్నారు. మనిషి తెలివిలో ఉండగానే రాయాలి. నేను నాదీ రాసిపెట్టా. మా ఆవిడకి నచ్చలేదు, అది వేరే కథ.

ఇల్లే మంచిదని అందరికీ చెప్పను. మొన్న ఫోన్ చేసినాయన నిజాంపేటలో అద్దె ఫ్లాటులో ఉంటాడు. ‘ఇంట్లో ఏదన్నా జరిగితే ఓనరు ఊరుకోడు సార్’ అన్నాడు. నక్షత్రం మంచిది కాకపోతే, ధనిష్ఠా పంచకం అయితే ఇల్లు నెలల తరబడి మూసేయాలని మన వైపు నమ్మకం ఉంది కదా. నమ్మకం ఎవరిదైనా, సామాన్లు సర్దుకునేది అద్దెకున్నవాడు. అలాంటప్పుడు హాస్పిస్ భవనమే నయం. ఇంట్లో చూసుకునే మనిషి ఒక్కరే ఉన్నా, రాత్రుళ్ళు ఆగని నొప్పి ఉన్నా కూడా అంతే. మాకు అమ్మా, అక్కా, కిందన సొంతిల్లూ ఉన్నాయి కాబట్టి కుదిరింది. ఏదైనా ముందే వెళ్ళి చూసి, మాట్లాడి పేరు రాయించుకుంటే మంచిది. డిశ్చార్జి రోజు కాదు.

నాన్న జనవరి 27 తెల్లవారుజామున పోయారు. ముందు రోజు నుంచి గొంతులో గురగుర శబ్దం. అది వినేవాళ్ళకే బాధ, ఆయనకి తెలియదని డాక్టరు గారు ముందే చెప్పి ఉంచారు. ఆ ఒక్క మాట లేకపోతే తమ్ముడు అంబులెన్సు పిలిచేవాడే, ఫోన్ చేతిలోనే ఉంది. డాక్టరు గారు ఆరింటికి వచ్చి చూసి కాగితం రాసిచ్చారు. ఇంట్లో పోతే ఆ కాగితం కావాలి, 21 రోజుల్లోపు పంచాయతీలో నమోదు చేయించాలి. పెద్దకర్మ అయ్యాక అక్క మార్ఫిన్ మాత్రలు లెక్కపెట్టింది, 34 మిగిలాయి. ఖాతా పుస్తకంలో ఆఖరి గీత కింద ఆ అంకె వేసి, ఇచ్చిన ఆసుపత్రిలోనే తిరిగిచ్చి సంతకం తీసుకొచ్చాం.